నా పాట ఎత్తుకుపోయినారు: కేసు పెట్టాలా, ఊరుకోవాలా?

చిప్పులన్న (అనంతపురం) · ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదివి పోయేవాణ్ణే గానీ ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు కడుపు మండి రాస్తున్నా.

అనంతపురంలో నాకో చిన్న రికార్డింగ్ రూము ఉంది. స్టూడియో అనుకునేరు. మిద్దె మీది రూముకు పాత దుప్పట్లు, కోడిగుడ్ల అట్టలు కొట్టుకున్నా, అంతే. ఒక మైకు, ఒక కంప్యూటరు. పోయిన సంక్రాంతికి ముందు మా అత్తగారి ఊర్లో ఒక అవ్వ పాడుతుంటే విన్నా. శెనక్కాయ చెట్లు పెరికేటప్పుడు పాడుకునే పాట. ఆమెను పిలుచుకొచ్చి రికార్డు చేసి, డప్పు, కొంచెం కీబోర్డు కలిపి నా చానల్లో పెట్టినా. ఇప్పటికి 11 వేల మంది విన్నారు. నా మట్టుకు అది పెద్ద లెక్కే.

మొన్న మా బామ్మర్ది ఒక లింకు పంపినాడు. అదే పాట, అదే గొంతు, వేరే చానల్. అడుగున బాసు ఎక్కించి డీజే మిక్స్ అని పేరు పెట్టినారు. 3 లక్షల 70 వేల వ్యూస్. నా పేరు లేదు, అవ్వ పేరు లేదు. పాట మధ్యలో ఒకడు వచ్చి "సబ్‌స్క్రైబ్ చేయండి" అని అరుస్తాడు. ఆ అరుపు సరిగ్గా అవ్వ రాగం తీసే చోట వస్తుంది.

నాకు రాత్రి నిద్ర పట్టలేదు. పోలీసు స్టేషనుకు పోవాలా? పోతే నవ్వుతారా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · ఆదివారం, రాత్రి 10:31

అన్నా, బాధ అర్థమైంది. ఒక్క మాట అడుగుతా, ఏమనుకోవద్దు. చిప్పులన్న అని పేరు ఎందుకు పెట్టుకున్నావు?

చిప్పులన్న · ఆదివారం, రాత్రి 10:58

అడుగుతారని తెలుసు. దాచేదేముంది.

2009 నుంచి 2016 దాకా నాకు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ రిపేరీ అంగడి ఉండేది. రిపేరీ పేరుకే, నడిచిందంతా చిప్పులకు, అంటే ఫోన్ మెమరీ కార్డులకు, పాటలు ఎక్కించే పని. 2 జీబీకి 20 రూపాయలు, 4 జీబీకి 30. సినిమా ఆడియో వచ్చిన సాయంత్రానికి నా హార్డ్ డిస్కులో ఉండాల్సిందే, లేకుంటే గిరాకీ పక్క అంగడికి పోతుంది. ఫోల్డర్లు నేనే చేసేవాణ్ణి: కొత్తవి, పాతవి, అమ్మవారు, డీజే, ఏడుపు. ఏడుపు ఫోల్డరుకు భలే గిరాకీ. లారీ డ్రైవర్లు వచ్చి "ఏడుపు ఫుల్లుగా ఎక్కించప్పా" అనేవాళ్లు. పండగల ముందు పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే రాత్రి పదకొండు. కార్డు రీడరు వేడెక్కి వేలు కాలేది.

ఆ డబ్బుతోనే మా చెల్లెలు పెళ్లి చేసినా. ఆ డబ్బుతోనే ఈ మైకు కొన్నా. కానీ అది వేరే, ఇది వేరే అని నాకనిపిస్తుంది. నేను ఎవరి పాటనూ నాదని చెప్పుకోలేదు కదా.

కొండారెడ్డి_బురుజు · ఆదివారం, రాత్రి 11:03

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. ఏడేళ్లు ఊరందరి పాటలు ఎక్కించి, ఇప్పుడు ఒక్క పాట పోతే పోలీసు స్టేషనా!

బుడ్డల_బండి (కోడుమూరు దగ్గర) · ఆదివారం, రాత్రి 11:20

ఏడుపు ఫోల్డరు ఇంకా ఉందా అన్నా? నా ట్రాక్టరు పెన్‌డ్రైవు పోయింది.

సప్తగిరి_సర్కిల్ (అనంతపురం) · సోమవారం, ఉదయం 7:45

అందరూ అన్నను ఆడుకోవడం ఆపండి. నేను డిగ్రీ చదువుతున్నా, సూటిగా చెబుతా. పాట కాపీ చేయడం దొంగతనమని నేను ఒప్పుకోను. చెంబులో మజ్జిగ పోస్తే చెంబు ఖాళీ అవుతుంది. పాట నేర్పితే గొంతు ఖాళీ అవుతుందా? చిప్పులన్న అంగడి లేకుంటే మా నాన్న పాటలే వినేవాడు కాదు. ఒరిజినల్ సీడీ కొనే స్తోమత ఎవరికుండింది?

ఇప్పుడు యాప్‌లున్నాయి కదా అంటారు. నేను రెండేళ్లు ఒక యాప్‌కు డబ్బులు కట్టినా. ఒక రోజు చూస్తే నా ప్లేలిస్టులో 14 పాటలు బూడిద రంగులోకి మారినాయి, నొక్కితే పలకవు. కంపెనీకీ యాప్‌కూ ఒప్పందం అయిపోయిందంట. కట్టిన డబ్బుకు నా దగ్గర మిగిలింది ఏమీ లేదు. మా నాన్న చిప్పు మాత్రం ఇంకా పాడుతుంది. దాంతో మళ్లీ డౌన్‌లోడ్ మొదలుపెట్టినా. సిగ్గేమీ లేదు.

పాతక్యాసెట్టు (కర్నూలు) · సోమవారం, ఉదయం 9:10

చిప్పులు నిన్న మొన్నటివి తమ్ముడూ. నేను 80ల సంగతి చెబుతా. అప్పుడు కర్నూల్లో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. ఖాళీ క్యాసెట్టు కొనుక్కుని, నోటుబుక్కు కాగితం మీద పాటల లిస్టు రాసుకుని పోవాలి. సైడు ఏ, సైడు బీ వేరువేరుగా. నాలుగు రోజులకు వస్తుంది. మా సెంటరాయన దస్తూరి ఎంత బాగుండేదంటే, అట్ట మీద పాటల పేర్లు ఎర్ర ఇంకుతో, పాడినవాళ్ల పేర్లు నీలి ఇంకుతో రాసేవాడు. సైడు చివర ఒకటిన్నర నిమిషం మిగిలితే ఖాళీ వదిలేవాడు కాదు, లిస్టులో లేని వీణ ముక్క ఏదో ఒకటి ఎక్కించేవాడు. ఆ ముక్కలు ఎవరు వాయించినవో ఈ రోజుకూ నాకు తెలియదు. అది దొంగతనమని ఆయనా అనుకోలేదు, మేమూ అనుకోలేదు. హక్కులు మద్రాసులో కంపెనీవాళ్ల దగ్గర ఉండేవి. మద్రాసు మాకు చాలా దూరం.

ఇంకో సంగతి. కంపెనీలేమీ పుణ్యాత్ములు కావు. గుల్షన్ కుమార్ పెట్టిన టీ-సిరీస్ కంపెనీ పైకొచ్చిందే చౌక క్యాసెట్లతో, పాత పాటలను వేరే గాయకులతో పాడించి అమ్మిన వర్షన్ క్యాసెట్లతో. అప్పటి చట్టంలో దానికి సందు ఉండింది. అదే కంపెనీ ఈ రోజు కాపీరైటు గురించి గట్టిగా మాట్లాడుతుంది. మన చిప్పులన్న కథే, సైజు పెద్దది.

గుమాస్తా (కర్నూలు) · సోమవారం, మధ్యాహ్నం 1:30

నేను వకీలు దగ్గర పనిచేసేవాణ్ణి, వకీలును కాను. తెలిసినంత చెబుతా.

చిప్పులన్నా, రిజిస్ట్రేషన్ చేయించలేదని భయపడొద్దు. మన దేశంలో కాపీరైటు చట్టం 1957ది, దాని ప్రకారం రికార్డు చేసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ కోర్టులో సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే. సెక్షన్ 63 కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చని 2022 మేలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి స్టేషనులో నవ్వితే ఆ తీర్పు ప్రింటు తీసుకుని పో.

కానీ నా సలహా, ముందు యూట్యూబ్‌లోనే తొలగింపు నోటీసు పెట్టు. పైసా ఖర్చు లేదు. నీ నోటీసు నిలబడితే ఆ చానల్‌కు స్ట్రైకు, అంటే ఒక తప్పు గుర్తు, పడుతుంది. 90 రోజుల్లో మూడు పడితే చానలే పోతుంది. ఆ సంగతి వాడికి బాగా తెలిసి ఉంటుంది, నోటీసు పెడతానంటేనే ఫోన్ చేస్తాడు చూడు.

ఇక చిప్పుల సంగతి. అది కూడా ఇదే సెక్షన్ 63 కిందికి వచ్చేదే అన్నా, "అది వేరే" ఏమీ కాదు. పాట నాదని చెప్పుకున్నావా లేదా అన్నది చట్టానికి లెక్కలేదు. ఇట్లాంటి నేరాలకు కోర్టు కేసు తీసుకునే గడువు మూడేళ్లు, నీ అంగడి మూసి ఎన్నేళ్లయిందో చూసుకుని నిద్రపో.

కడప_కీబోర్డు (కడప) · సోమవారం, సాయంత్రం 4:05

నేను ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తా, 19 ఏళ్లుగా. పెళ్లిళ్లు, వినాయక చవితి, తిరణాళ్లు. అంటే 19 ఏళ్లుగా వేరేవాళ్ల పాటలు అమ్ముకునే బతుకుతున్నా. అందుకే ఈ విషయంలో నా నోరు పెద్దగా లేవదు.

ఇళయరాజా గారు 2017లో ఎస్పీబీ గారికి లీగల్ నోటీసు పంపించిన రోజు మా ట్రూపులో రెండు పార్టీలైపోయినాం. బాలు గారు అప్పుడు అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. ఇళయరాజా పాటలు ఇక పాడబోమని ఆయనే ఫేస్‌బుక్‌లో రాసినారు. మా సింగరు ఏడ్చినంత పని చేసినాడు. "ఆ గొంతు లేకుంటే ఆ పాట ఏముంది" అని వాడు. "ఆ ట్యూను లేకుంటే ఆ గొంతు ఏం పాడేది" అని మా తబలా ఆయన. నేను తబలా ఆయన పక్షం. స్నేహం స్నేహమే, టికెట్లు అమ్మే కచేరీ అయినప్పుడు ట్యూను కట్టినాయనకు వాటా పోవాలి. మా సింగరు ఆ రోజు నుంచి నాతో సగమే మాట్లాడతాడు.

పెళ్లిళ్ల సంగతి వేరు. పోయిన ఏడాది ఒక కల్యాణ మండపంలో పాటల లైసెన్సు ఉందా, డబ్బు కట్టండి అని ఒకాయన వచ్చి కూర్చున్నాడు. పెళ్లికొడుకు నాన్నకు టెన్షన్, భజంత్రీలు ఆపేయమంటాడు. పెళ్లి ఊరేగింపుకూ, పెళ్లికి సంబంధించిన వేడుకలకూ చట్టంలోనే మినహాయింపు ఉంది. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం నోటీసు ఇచ్చి మళ్లీ చెప్పింది కూడా. నా ఫోన్లో ఆ కాగితం ఉంది, చూపించినా. ఆయన భోజనం చేసి పోయినాడు.

> కట్టిన డబ్బుకు నా దగ్గర మిగిలింది ఏమీ లేదు

సప్తగిరి తమ్ముడూ, నీ కోపం సగం న్యాయమే. ఇంకో సగం చెబుతా. నువ్వు నెలనెలా కట్టే డబ్బు నువ్వు విన్నవాళ్లకే పోతుందనుకుంటున్నావేమో. చాలా యాప్‌లలో అట్ల కాదు. అందరి డబ్బూ ఒక కుండలో పోసి, అందరూ విన్న మొత్తంలో ఎవరి వాటా ఎంతో అంత పంచుతారు. నువ్వు నెలంతా మన సీమ పాటలే విన్నా, నీ డబ్బులో ఎక్కువ భాగం దేశమంతా మోగే పది పాటలకే పోతుంది. పైగా స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను ఏడాదిలో వెయ్యి సార్లన్నా వినకుంటే దానికి పైసా రాదు. మా ట్రూపు సొంతంగా రెండు పాటలు చేసింది. ఒకటి 640 దగ్గర ఆగింది.

సప్తగిరి_సర్కిల్ · సోమవారం, సాయంత్రం 4:40

అన్నా మీరే నా పక్షాన వాదిస్తున్నారు. డబ్బు పాడినవాళ్లకు పోనప్పుడు నేనెందుకు కట్టాలి?

కడప_కీబోర్డు · సోమవారం, సాయంత్రం 5:15

కుండలో నుంచి నాకు రావాల్సింది తక్కువ వస్తుందంటే కుండే పగలగొడతావా తమ్ముడూ? కుండ లేని కాలం కూడా చూసినాం. 2012కు ముందు సినిమా పాట రాసినాయనకు, ట్యూను కట్టినాయనకు చేతిలో పెట్టిందే డబ్బు. తర్వాత ఆ పాట యాభై ఏళ్లు మోగినా హక్కంతా నిర్మాతదే. 1977లో సుప్రీంకోర్టు కూడా అట్లే చెప్పింది. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ లాంటివాళ్లు రాజ్యసభలో కొట్లాడితే 2012లో చట్టం మారింది. రాయల్టీలో సమాన వాటా రచయితకూ స్వరకర్తకూ ఉండాలి, దాన్ని రాసిచ్చేయమన్నా చెల్లదు అని. చిప్పులో ఎక్కించిన పాటకు ఆ వాటా లెక్క ఎక్కడా ఎక్కదు. కుండలో పావలా అన్నా ఉంది, చిప్పులో సున్నా.

చిప్పులన్న · సోమవారం, సాయంత్రం 6:02

ఈ మాట నాకు ఎవరూ ఇట్ల చెప్పలేదు. 2 జీబీలో దగ్గర దగ్గర 400 పాటలు పట్టేవి. ఇరవై రూపాయలు. ఎవరికీ సున్నా.

తాళ్ళపాక_తంబూర (రాజంపేట) · సోమవారం, రాత్రి 8:50

నేను పిల్లలకు అన్నమయ్య కీర్తనలు నేర్పుతాను. మాది తాళ్ళపాకకు దగ్గరే. మధ్యలో కొన్నేళ్లు జిల్లా పేరు మారినా మేం కడపవాళ్లమనే చెప్పుకున్నాం.

రెండేళ్ల కిందట మా పిల్లలు తంబూర ఒక్కటే పెట్టుకుని పాడిన కీర్తన యూట్యూబ్‌లో పెట్టాను. మర్నాటికల్లా ఒక ఆడియో కంపెనీ పేరుతో క్లెయిము. ఈ వీడియోలో ఉన్నది మా పాట, ప్రకటనల డబ్బు మాకు వస్తుంది అని. అన్నమయ్య 1503లో పోయాడండీ. ఐదు వందల ఏళ్ల తర్వాత ఆయన మాటకు హక్కుదారు ఎవరు? మొదట బాగా కోపమొచ్చింది. తర్వాత తెలిసింది, ఇది మనిషి చేసింది కాదు, యంత్రం చేసింది. కంపెనీలు తమ రికార్డింగులు ఇస్తాయి, యూట్యూబ్ కంటెంట్ ఐడీ వాటి పోలికను కొత్త వీడియోల్లో వెతుకుతుంది. ట్యూను దగ్గరగా ఉంటే పట్టేస్తుంది. అభ్యంతరం పెట్టాను. అవతలివాళ్లకు 30 రోజుల గడువు ఉంటుంది. 29వ రోజున వదిలేశారు, ఒక మాట చెప్పకుండా.

ఈ గొడవలోనే ఇంకోటి నేర్చుకున్నాను. కీర్తన అంటే ఒక వస్తువు కాదు, మూడు. మాట అన్నమయ్యది, అది అందరిదీ. ఆ కీర్తనలు చెక్కించిన రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు, ఆయన ఎట్లా పాడాడో ఎవరికీ తెలియదు. మనం ఈ రోజు పాడే వరసలు ఈ కాలంవాళ్లు కట్టినవి. చాలా వాటికి వరస కట్టింది మీ అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టిన అనంతకృష్ణశర్మ గారు. ఆయన 1979లో పోయారు. స్వరకర్త పోయాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది, అంటే ఆ హక్కు ఎవరి చేతిలో ఉన్నా 2039 చివరి దాకా నడుస్తుంది. మూడోది రికార్డింగు, దాని గడువు వేరు. "అన్నమయ్య పాటే కదా, అందరిదీ" అని నేను కూడా అనేదాన్ని. ఇప్పుడు అనను.

చిప్పులన్న గారూ, మీ పాట కూడా ఇట్లాంటిదే. మీరు ఆ అవ్వకు ఏమిచ్చారు?

పాతక్యాసెట్టు · సోమవారం, రాత్రి 9:15

మేడమ్ మూడు పొరలు విప్పినారు కాబట్టి నాదీ ఒక సందేహం. నా దగ్గర మాయాబజార్ పాత రికార్డు ఉంది, గీతలు పడినా పాడుతుంది. సినిమా తీసిన కె.వి. రెడ్డి తాడిపత్రివాడు, నిర్మాత నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడువాడు. మనవాళ్ల పాట, మనం నెట్‌లో పెట్టుకోవచ్చా?

గుమాస్తా · సోమవారం, రాత్రి 9:50

మనవాళ్లదైనంత మాత్రాన మనది కాదు సార్. సౌండ్ రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. మాయాబజార్ 1957ది, అప్పటి రికార్డు 2018 నుంచి స్వేచ్ఛే. కానీ పాట వేరు. పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయినారు, ఆయన సాహిత్యం 2031 చివరి దాకా. ఘంటసాల 1974లో పోయినారు, ఆయన కట్టిన ట్యూన్లు 2034 దాకా. అందులో కొన్ని ట్యూన్లు సాలూరి రాజేశ్వరరావు గారివి, ఆయన 1999 దాకా ఉన్నారు కాబట్టి అవి 2059 దాకా. రికార్డు పగ్గం తెగింది, పాట పగ్గం తెగలేదు. ఇంట్లో పెట్టుకుని వినండి, దానికి ఎవరూ అడ్డం రారు.

చిప్పులన్న · సోమవారం, రాత్రి 11:37

> మీరు ఆ అవ్వకు ఏమిచ్చారు?

రెండు వేలు, ఒక చీర. బస్సు చార్జీలు. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. ఆమె సంతోషంగా తీసుకుంది, ఇంకా అడగలేదు. పాట ఆమె కట్టింది కూడా కాదు, వాళ్లమ్మ పాడేదంట, వాళ్ల జేజి పాడేదంట. ఎవరిదీ కానిదానికి నేను ఎవరికి ఇవ్వాలి?

కొండారెడ్డి_బురుజు · మంగళవారం, ఉదయం 6:50

అన్నా, మొన్న రాత్రి నవ్వినందుకు మన్నించు. కానీ పాట "ఎవరిదీ కాదు" అయితే ఎత్తుకుపోయినారు అని హెడ్డింగు ఎందుకు పెట్టినావు?

గుమాస్తా · మంగళవారం, ఉదయం 10:20

చట్టం వరకు చెబుతా. పాత జానపదానికి హక్కుదారు లేకపోవచ్చు. నువ్వు డప్పు, కీబోర్డు కలిపి చేసిన రికార్డింగుకు హక్కు నీది. అయితే పాడిన మనిషికి కళాకారుల హక్కు అని వేరే ఉంది, 50 ఏళ్లు. పేరు వేయించుకునే హక్కు కూడా 2012 సవరణలో చేరింది. రికార్డింగుకు ఒప్పుకుంది సరే, దాన్ని నెట్‌లో పెట్టి వాడుకోవడానికి కాగితం ఏమన్నా రాసుకున్నావా? ఇట్లాంటి హక్కు రాసిచ్చుకోవాలంటే రాతలో ఉండాలి. గడువు రాయకుంటే అయిదేళ్లే అని చట్టం అనుకుంటుంది. నీ వీడియో కింద అవ్వ పేరు ఉందా?

చిప్పులన్న · మంగళవారం, ఉదయం 10:44

లేదు. "జానపద గీతం" అని పెట్టినా. కింద నా స్టూడియో పేరు, నా నంబరు.

బుడ్డల_బండి · మంగళవారం, ఉదయం 11:02

🙂

సప్తగిరి_సర్కిల్ · మంగళవారం, మధ్యాహ్నం 12:30

అన్నను మరీ బోనులో నిలబెట్టినట్టుంది. ఆయన రికార్డు చేయకుంటే ఆ పాట అవ్వతోనే పోయేది. ఆ డీజే వాడు ఎక్కించకుంటే మూడు లక్షల మందికి తెలిసేది కాదు. కాపీ చేసేవాళ్ల వల్లనే పాట బతుకుతుంది.

తాళ్ళపాక_తంబూర · మంగళవారం, మధ్యాహ్నం 2:15

బతకడం కాదనను నాయనా. తాళ్ళపాక వంశం వాళ్లు రేకుల మీద చెక్కించబట్టే కదా అన్నమయ్య మనకు దక్కాడు. కానీ దాదాపు ప్రతి కీర్తన చివరా వేంకటేశ ముద్ర, అంటే ఆయన సంతకం లాంటి మాట, ఉంటుంది, ఎక్కడ ఎవరు పాడినా తెగిపోదు. ఈ అవ్వ పాటకు ముద్ర లేదు. అది మనమే వేయాలి. ఒక లైను టైపు చేయడానికి ఎంతసేపు పడుతుంది?

చిప్పులన్న · శుక్రవారం, రాత్రి 9:25

మూడు రోజులు రాయలేదు, ఊరికి పోయినా. జరిగింది చెబుతా.

ముందు ఆ డీజే చానల్‌వాడికి మెసేజి పెట్టినా, నోటీసు పంపుతా అని. గుమాస్తా సార్ చెప్పినట్టే పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది. గుంతకల్లు వైపు పిల్లవాడు, పాలిటెక్నిక్. బతిమాలతాడనుకున్నా. "అన్నా, నీ దాంట్లో 11 వేలు, నా దాంట్లో మూడు లక్షల డెబ్బై. లెక్క ప్రకారం పబ్లిసిటీకి నువ్వే నాకు ఇవ్వాలి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే 2011లో ఒక లోకల్ గాయకుడు నా అంగడికి వచ్చి కొట్లాడితే నేను ఆయనకు ఇదే మాట చెప్పినా. ఆయన క్యాసెట్టు అమ్ముడుపోకుండా నేను చిప్పుల్లో ఎక్కిస్తున్నానని ఆయన బాధ. "నీ గొంతు ఊరూరికీ నేనే చేరుస్తున్నా" అన్నా. ఆయన ఏమీ అనకుండా సైకిలెక్కి పోయినాడు. ఆయన మొహం నాకు ఈ వారం దాకా గుర్తే లేదు.

ఇంతకూ ఆ పిల్లవాడికి కూడా పైసా రాలేదంట. వేరేవాళ్లవి తెచ్చి పెట్టిన వీడియోలని యూట్యూబ్ వాడి చానల్‌కు డబ్బు రాకుండా ఆపేసిందంట. నాకు వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లే లేరు, నాకూ రాదు. అంటే 3 లక్షల 81 వేల మంది విన్న పాటకు ఎవరికీ ఏమీ రాలేదు.

తర్వాత అవ్వ దగ్గరికి పోయినా. ఇంటి ముందు ట్రాక్టరు. మనవడు కడుగుతున్నాడు. దాంట్లో మోగుతుండేది ఏ పాటనుకున్నారు? డీజే మిక్సే. పెన్‌డ్రైవులో ఎక్కించుకొచ్చినాడంట, 50 రూపాయలిచ్చి. "సబ్‌స్క్రైబ్ చేయండి" అని వాడు అరిచినప్పుడల్లా అవ్వ నవ్వుతుంది, వాడెవడో పొలంలో కుక్కను అదిలించినట్టు ఉందంట.

నేను కూర్చుని అంతా చెప్పినా. పేరు వేయలేదని చెప్పినా, కాగితం గురించి చెప్పినా. ఆమె పేరు గురించి పెద్దగా పట్టించుకోలేదు. డబ్బు గురించి మనవడు పట్టించుకున్నాడు, అది సహజం. ఆమెకు కోపం వచ్చింది వేరే చోట. "నువ్వు నాలుగో చరణం తీసేసినావు" అంది. నిజమే. పాట పొడుగైందని, నాలుగు నిమిషాల లోపల ఉండాలని కోసేసినా. అది సావుకారు కాటా తూకం గురించిన చరణం. "అది లేకుంటే ఆ పాట పాడేదే ఎందుకు" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

గుమాస్తా · శుక్రవారం, రాత్రి 9:48

కాగితం రాసుకున్నావా?

చిప్పులన్న · శుక్రవారం, రాత్రి 10:05

రాసుకున్నాం. వచ్చేదాంట్లో సగం సగం, అయిదేళ్లకు. మనవడు సాక్షి సంతకం. వచ్చేది సున్నా అయినా సగం సున్నా ఇస్తా. వీడియో కింద అవ్వ పేరు, ఊరి పేరు ఈ రోజు సాయంత్రమే వేసినా. ఆమె చెప్పమన్నాక ఇక్కడ కూడా రాస్తా. డీజే పిల్లవాడు కూడా వేసినాడు, అక్షరం తప్పుతో. నోటీసు పంపలేదు. తొలగిస్తే ట్రాక్టరు పెన్‌డ్రైవులో మిగిలేది పేరు లేనిదే కదా.

కొండారెడ్డి_బురుజు · శుక్రవారం, రాత్రి 10:11

2011 గాయకుడు?

చిప్పులన్న · శుక్రవారం, రాత్రి 10:30

వెతుకుతున్నా. పాత హార్డ్ డిస్కు అటక మీద ఉంది. ఆయన పాటలు ఏ ఫోల్డరులో పెట్టినానో చూడాలి. ఏడుపులో అయ్యుంటుంది.

కడప_కీబోర్డు · శుక్రవారం, రాత్రి 10:42

నాలుగో చరణం మళ్లీ రికార్డు చేసేటప్పుడు చెప్పు, కీబోర్డు నేను వాయిస్తా. ఈసారి కొంచెం తక్కువ వాయిద్దాం అన్నా. పాత దాంట్లో కీబోర్డు ఆమె గొంతు మీద కూర్చుంది, చెప్పడానికి మొహమాటపడినా.

బుడ్డల_బండి · శనివారం, ఉదయం 5:58

సావుకారు కాటా చరణం ఏమిటో రాయన్నా. మా ఊర్లో కూడా ఒకటుంది, అదీ ఇదీ ఒకటేనేమో చూద్దాం.

చిప్పులన్న · శనివారం, ఉదయం 7:20

అవ్వను అడిగి చెబుతా.